అనేకకోటి బ్రహ్మాండానాం ఏకతమే

పూజలో ఆచమనం, ప్రాణాయామం అయ్యాక సంకల్పం: ఎక్కడ, ఎప్పుడు చేస్తున్నామో చెప్పుకోవడం. హైదరాబాద్‌లో 'శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే, కృష్ణాగోదావర్యోః మధ్యదేశే' అంటాం. కోస్తా వాళ్ల కోసం చేసిన వీడియో పెట్టుకుని 'ఈశాన్య ప్రదేశే' అనేసేవాళ్లూ ఉన్నారు. పూజేమీ చెడదు గానీ చిరునామా మారిపోతుంది.

కన్యాదానం దగ్గర ఇదే మహాసంకల్పంగా పెరుగుతుంది. భోజనాల తొందరలో తరచూ కుదించేసేదీ దాన్నే. అందులో మన ఊరి ప్రస్తావనకు చాలా ముందే 'అనేకకోటి బ్రహ్మాండానాం ఏకతమే' అని వస్తుంది. అంటే కోట్ల బ్రహ్మాండాల్లో ఏదో ఒకదానిలో అని. మరో గ్రహం మీద ప్రాణి కనబడితే మన ధర్మం ఏమవుతుందని బెంగపడేవారు ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. అలాగని అక్కడెవరున్నారో సంకల్పం చెప్పలేదు. 'మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారు' అనడం అతి.

భూమికి అవతలి ప్రాణి కోసం వెతుకులాట మన ఊరి మీదా జరిగింది. 2005లో హైదరాబాద్ నుంచి ఇస్రో ఎగరేసిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి తెచ్చింది. నేల మీది సూక్ష్మజీవి ఒక్కటి అంటుకున్నా ప్రయోగం వ్యర్థమే కనుక, ముందే శుద్ధిచేసి, లోపలి గాలంతా తీసేసిన 16 ఉక్కు గొట్టాలు వాడారు. మడి అంటే ఇదీ! 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్రాల కాలనీలు దొరికాయి. అందులో మూడు కొత్త జాతులు. ఒకదానికి ఆర్యభటుడి పేరు పెట్టారు. పైనుంచి దిగాయా, కిందినుంచి ఎగిరాయా అన్నది మాత్రం తేలలేదు. ఆర్యభటుడి పేరున్నది తర్వాత మొక్కల వేళ్ల దగ్గరి మట్టిలోనూ కనబడింది. పేరు పెట్టగలిగారు, 'ప్రదేశే' దగ్గర ఆగిపోయారు.

రేపు అంగారకుడి మీద ఎవరైనా పీట వేసుకుంటే? అమెరికాలో 'జంబూద్వీపే' బదులు 'క్రౌంచద్వీపే' అని సర్దుకున్నట్టు ద్వీపం పేరు మార్చుకోవచ్చు. చిక్కు తిథితో. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు జరిగితే మనకొక తిథి. అక్కడి ఇద్దరు చందమామల్లో ఒకటైన ఫోబోస్ ఏడున్నర గంటలు దాటాక ఒక చుట్టు ముగిస్తుంది. ఆ లెక్కన ఒక్కో తిథి పావుగంట, ఏకాదశి ఉపవాసమూ అంతే! రెండో చందమామ డీమోస్‌తో మరో పంచాంగం రాసుకోవాలి. ద్వీపం, భరతవర్షం, మాసం, తిథి అన్నీ తిరగరాయాలి. 'ఏకతమే'ను మాత్రం ముట్టుకోనక్కర్లేదు.