బాపు గీత, వ.పా. రంగు, హార్బర్ బోట్లు: నా బొమ్మల పని ఎక్కడిదాకా వచ్చిందంటే

ఏప్రిల్‌లో ఒక రూలు పెట్టుకున్నాను. నచ్చిన ఆర్టిస్టు దగ్గర ఒక్క సంగతే తీసుకోవాలి. దాన్ని ఆయన బొమ్మల్లో సాధారణంగా కనపడని వస్తువు మీద వాడి చూడాలి. కాపీ ఎంత అచ్చుగుద్దినట్టు వచ్చిందన్నది లెక్కలోకి రాదు, వేరేచోట వాడితే ఏమైందన్నదే లెక్క. నా వస్తువు మాత్రం మారదు: విశాఖ తీరం. ఫిషింగ్ హార్బర్, జాలారిపేట, భీమిలి రోడ్డు. ఉద్యోగం ఉంది కాబట్టి రాత్రిళ్లు టేబుల్ దగ్గర ఓ అరగంట, ఆదివారం పొద్దున్న బయట.

ఏప్రిల్, మే: గీత

బాపు (1933–2014)తో మొదలుపెట్టాను. తెలుగువాళ్లలో బొమ్మలేసే ఎవరికైనా ఆయన ఎలాగూ అడ్డొస్తాడు, ముందే పలకరిస్తే పోతుంది. పాత కథల బొమ్మలు ప్రింటు తీసి, పైన ట్రేసింగ్ పేపర్ పెట్టి, ఇంకులో ముంచి గీసే నిబ్బుతో గీశాను. ట్రేసింగ్ అనగానే కొందరు మొహం చిట్లిస్తారు గానీ, గీత వేగం చేతికి తెలియాలంటే అంతకన్నా మంచి దారి నాకు కనపడలేదు. కళ్లతో చూస్తే గీత ఎక్కడుందో తెలుస్తుంది. మీద నుంచి గీస్తే చెయ్యి ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఒత్తాలో తెలుస్తుంది. చెంప నుంచి మెడ మీదుగా భుజం దాకా ఒకే ఊపు. జడ దగ్గర నల్లటి ముద్ద. కుచ్చెళ్లకి రెండు మూడు గీతలు, మిగతాదంతా తెల్ల కాగితమే. ట్రేసింగ్ అయ్యాక అసలు బొమ్మ మూసేసి, గుర్తున్నంత మేరకు మళ్లీ గీయడం. ఏది గుర్తుకు రాలేదో మర్నాడు దాన్నే చూడాలి.

ఇక దాన్ని హార్బర్‌కి పట్టుకెళ్లాను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లకి వేట నిషేధం. బోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి, రిపేర్లు, కొత్త రంగులు నడుస్తుంటాయి. కదలకుండా నిలబడే మోడల్ కావాలంటే సీజన్ ఇదే. బోటు పక్కలకి నీలం రంగు కొడుతున్న ఒకాయన బ్రష్షు పట్టుకునే వచ్చి నా నోట్‌బుక్‌లోకి తొంగి చూశాడు.

“ఏటి బాబూ, ముక్కు అలాగ వాల్చేసేవు? అది లేసుంటాది. కెరటాన్ని కొయ్యాలి కదా!”

నిజమే. బాపు గీతకి మెడ వంపు తెలుసు, బోటు ముక్కు తెలీదు. ఆ వంపు ఆయన బొమ్మల్లోని ఆడవాళ్లది, గీతతో పాటు అదీ వచ్చేసింది. అప్పటి నుంచి ఒత్తిడి ఒక్కటీ ఉంచుకుని వంపు వదిలేశాను: మొదట్లో లావు, చివర్లో సన్నం, మధ్యలో తిన్నగా. ఇప్పుడు తాళ్లకీ తెరచాప కర్రలకీ కూడా అదే గీత వాడుతున్నాను.

సామాను సంగతి. కొత్త నిబ్బు మీద నూనె పూత ఉంటుంది, ఇంకు నిలవదు. కాస్త టూత్‌పేస్టు పెట్టి రుద్ది కడిగితే సరి. వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకుని ఫౌంటెన్ పెన్నులో పొయ్యకండి. అందులో లక్క కలుస్తుంది, లోపల గడ్డకడితే ఇక పెన్ను పోయినట్టే. పని కాగానే నిబ్బు కడిగి పొడిగుడ్డతో తుడవాలి. మన ఉప్పుగాలికి రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది.

జూన్, జులై: రంగు

వడ్డాది పాపయ్య (1921–1992) శ్రీకాకుళంలో పుట్టారు, కశింకోటలో ఉన్నారు. మన వైపు మనిషి. చందమామ అట్టల మీద ‘వ.పా.’ సంతకం చూస్తూ పెరిగిన తరం ఇంకా ఉంది. ఆయన రంగుల్ని నేరుగా తీసుకుంటే నా చేతిలో పాకం ముదిరినట్టు అయిపోతాయి. అందుకని డచ్ చిత్రకారుడు వాన్‌గో చేసిన పని చేశాను. 1889–90ల్లో సెయింట్ రెమీలో చికిత్సలో ఉన్నప్పుడు ఆయన ఫ్రెంచి చిత్రకారుడు మిలే బొమ్మల్ని నలుపు తెలుపు ప్రింట్లు దగ్గర పెట్టుకుని ఆయిల్ రంగుల్లో వేశాడు. రూపం మిలేది, రంగు వాన్‌గోది.

నేను వ.పా. అట్టల్ని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి, ఒరిజినల్ వైపు చూడకుండా మన ఊరి రంగులు వేశాను. అప్పుడే అసలు సంగతి దొరికింది. నేను తీసుకున్న అట్టల్లో రంగు మొత్తం తీసేసినా బొమ్మ నిలబడే ఉంది. వెలుగు ఒక వాటా, నడిమి రకం ఒక వాటా, చీకటి ఒక వాటా, ఒకదాంట్లోకి ఒకటి చొరబడకుండా. నేను ఆయన దగ్గర నేర్చుకుందామనుకున్నది రంగు, చివరికి తీసుకున్నది ఈ వాటాలు. ఏ బొమ్మకైనా ముందు అగ్గిపెట్టె సైజులో పెన్సిల్‌తో ఈ మూడూ పంచుకున్నాకే పెద్ద కాగితం తీస్తున్నాను.

బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ ఏడు రంగులతో సరిపెట్టుకున్నాడు కదా అని, నేను వాటర్ కలర్స్‌లో నాలుగు ట్యూబులకి దిగాను: అల్ట్రామెరీన్ (నీలం), బర్న్ట్ సియెనా (ఎర్రమట్టి రంగు), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు). ఎర్రమట్టి దిబ్బలకి బర్న్ట్ సియెనా విడిగా కలపనక్కర్లేదు, ట్యూబులోంచి తీసి వేస్తే చాలు. అక్కడి ఇసుకకి ఎరుపు ఇచ్చేది ఐరన్ ఆక్సైడే, ట్యూబులో ఉన్నదీ అదే. నీడకి నలుపు కొనలేదు. సియెనాలో అల్ట్రామెరీన్ కలిపితే మంచి బూడిద రంగు వస్తుంది. నీలం ఎక్కువైతే డాల్ఫిన్స్ నోస్ కొండ, సియెనా ఎక్కువైతే తడిసిన ఇసుక.

వెలుగు గురించి ఒక మాట. మనకి సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. పొద్దున్నే సముద్రం వైపు తిరిగి కూర్చుంటే ఎదురుగా ఉన్నవన్నీ నల్లటి ఆకారాలే. వాటాలు నేర్చుకోడానికి ఇంతకన్నా సులువు లేదు. రంగులు కావాలంటే సాయంత్రం వెళ్లండి, ఎండ మన వీపు వెనక నుంచి పడుతుంది.

జులైలో తేమ తినేసింది. ఒక కోటు ఆరేసరికి టీ తాగి రావచ్చు, ఆరకుండా రెండోది వేస్తే అంచులు పువ్వుల్లా విచ్చుకుంటాయి. కాగితం సంగతీ అంతే: 300 జీఎస్ఎం మందం కాగితం కొన్నా, తెరిచి పెడితే దానికి పట్టించిన జిగురు పూత దెబ్బతిని రంగు మచ్చలు మచ్చలుగా పీల్చేస్తుంది. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి దాస్తున్నాను. బయటికి వెళ్లినప్పుడు ఆరబెట్టుకునే ఓపిక లేక నీళ్లున్న చోటంతా వదిలేయడం మొదలుపెట్టాను. బోటుకీ ఒడ్డుకీ రంగు, మధ్యలో సముద్రం ఖాళీ కాగితం.

ఆగస్టు

బొమ్మలన్నీ గోడకి అంటించి చూస్తే మూడు అలవాట్లు మళ్లీమళ్లీ కనపడ్డాయి: లావుగా మొదలయ్యే తిన్నటి గీత, బూడిద నీడ, తెల్లగా వదిలేసిన నీళ్లు. మొదటిది సగం బాపుది, సగం ఆ బోటాయనది. రెండోది ట్యూబుల పొదుపు. మూడోది ఏ ఆర్టిస్టు దగ్గరా తీసుకోలేదు, విశాఖ వానాకాలం ఇచ్చింది. చూసినవాళ్లు “ఇది నీ స్టైల్” అంటున్నది మాత్రం దాన్నే.

మనుషులు ఇంకా నావాళ్లు కాలేదు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకున్న ఆవిడని గీస్తే ఇప్పటికీ బాపు బొమ్మే దిగుతోంది, ఆ బరువుకి మెడ బిగుసుకోవాల్సింది పోయి వయ్యారంగా వంగుతోంది. వచ్చే నెల నిబ్బు పక్కనపెట్టి, మనుషుల్ని మాత్రం 6 నంబర్ రౌండ్ బ్రష్షుతో, గీత లేకుండా నీడ ముద్దలతోనే వేస్తాను. పొద్దున్నే వేలంపాట టైముకి వెళ్లాలి. అక్కడ ఎవరూ క్షణం నిలబడరు కాబట్టి మెడ వంపు గురించి ఆలోచించే తీరిక ఉండదు.