గ్లీనాయిడ్ బోన్ లాస్: డీఎన్‌బీ ఆర్థోకి నేను చదివిన తీరు

ఫ్రెండ్స్, డీఎన్‌బీ (పీజీ డాక్టర్ల కోర్సు) ఆర్థో ఫైనల్స్‌కి చదివేవాళ్లలో చాలామంది షోల్డర్ రీప్లేస్‌మెంట్‌ని చివరికి నెట్టేస్తారు. మోకాలు, తుంటి కేసులు రోజూ చూస్తాం. భుజానివి ఎప్పుడో ఒకటి వస్తాయి. దాంతో "బోన్ లాస్ ఉన్న గ్లీనాయిడ్‌లో ఇంప్లాంట్ స్టెబిలిటీ" (గ్లీనాయిడ్ అంటే భుజం కీలులో రెక్క ఎముక వైపు ఉండే గుంట) అని అడిగితే క్లాసిఫికేషన్ రాసి చేతులు దులుపుకుంటారు. నేను మాత్రం ఈ టాపిక్ మొత్తాన్ని ఒకే ప్రశ్న చుట్టూ చదివాను: మిగిలిన మంచి ఎముక ఎక్కడుంది?

ఫస్టియర్‌లో కొన్న బోన్ సెట్ ఇంకా ఉంటే అందులోని స్కాపులాని (రెక్క ఎముకని) ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకోండి. (ప్లాస్టిక్‌ది పనికిరాదు.) మధ్యలో ఎంత పల్చగా ఉంటుందంటే వెలుతురు ఇవతలికి వచ్చేస్తుంది. గ్లీనాయిడ్ చుట్టూ వెలుతురు ఆగిపోయే చోట్లు చూడండి: కోరకాయిడ్ (ముందుకు పొడుచుకొచ్చిన కొన) మొదలు, స్పైన్ (వెన్నెముక కాదు, స్కాపులా వెనక ఉండే గట్టు) మొదలు, కిందికి దిగే లేటరల్ బార్డర్. రివర్స్ షోల్డర్ (బంతి గ్లీనాయిడ్ వైపు, గిన్నె చేతి ఎముక వైపు ఉండే ఇంప్లాంట్) బేస్‌ప్లేట్, అంటే గ్లీనాయిడ్‌కి బిగించే పలక, స్క్రూలకి పట్టు దొరికేది అక్కడే. పై స్క్రూ కోరకాయిడ్ వైపు, కింది స్క్రూ లేటరల్ బార్డర్‌లోకి, వెనకది స్పైన్ వైపు. వెనక స్క్రూ పొడవు ఎక్కువైతే స్పైనోగ్లీనాయిడ్ నాచ్ దగ్గర సుప్రాస్కాపులర్ నర్వ్‌కి ముప్పు. ఎముక చేతిలో ఉంటే ఇదేదీ బట్టీ పట్టక్కర్లేదు.

తర్వాత మెకానిక్స్. సిమెంట్ లేని బేస్‌ప్లేట్‌లోకి ఎముక పెరగాలంటే అది కదలకూడదు. కదలిక సుమారు 150 మైక్రాన్లు దాటితే మధ్యలో ఎముక బదులు ఫైబ్రస్ టిష్యూ వస్తుంది. స్క్రూలు, సెంట్రల్ పెగ్ (ప్లేట్ మధ్యలోని మేకు), కంప్రెషన్ అన్నీ ఆ కదలికని ఆపడానికే. ఇక్కడ ఫ్రెంచ్ సర్జన్ గ్రామోన్ పేరు రాయండి. 1985లో ఆయన మొదలుపెట్టిన రివర్స్ డిజైన్ 1991 నాటి డెల్టా 3తో స్థిరపడింది. సెంటర్ ఆఫ్ రొటేషన్‌ని గ్లీనాయిడ్ ముఖం మీదికే జరపడంతో బేస్‌ప్లేట్‌ని ఊడగొట్టే టార్క్ తగ్గింది. రొటేటర్ కఫ్ (భుజం బంతిని పట్టి ఉంచే కండరాలు) లేని భుజానికి మామూలు అనాటమిక్ గ్లీనాయిడ్ వేస్తే హ్యూమరల్ హెడ్ (చేతి ఎముక బంతి) పైకి జారి పై అంచునే నొక్కుతుంది, కింది అంచు లేస్తుంది. ఒక కాలు పొట్టిగా ఉన్న హాస్టల్ మంచం మీద కూర్చున్నట్టే. రాకింగ్ హార్స్ లూజనింగ్ అంటే అదే.

క్లాసిఫికేషన్లని విడిగా చదవొద్దు, ప్రతి టైప్ పక్కన దాని పర్యవసానం రాసుకోండి. ఫ్రెంచ్ సర్జన్ వాల్ష్ 1999లో ఇచ్చిన టైపుల్లో బీ2 అంటే వెనక అరిగి రెండు గుంటలైన గ్లీనాయిడ్. ముందు అంచుని ఎక్సెంట్రిక్ రీమింగ్‌తో (ఒక వైపే చెక్కి) తగ్గించి సరిచేయొచ్చు కానీ, సుమారు 15 డిగ్రీలు దాటి సరిచేయబోతే సబ్‌కాండ్రల్ బోన్ (కార్టిలేజ్ కింది గట్టి ఎముక) పోతుంది, పెగ్ వాల్ట్ (గ్లీనాయిడ్ లోపలి ఎముక) దాటి బయటికి పొడుచుకొస్తుంది. 2016 సవరణలో చేరిన బీ3 (వెనక అరిగి ఒకే గుంటైనది), డీ (ముందుకు తిరిగినది) కూడా మరిచిపోకండి. కఫ్ టేర్ ఆర్థ్రోపతీకైతే (కఫ్ తెగి కీలు అరిగితే) ఫావార్ గ్రేడింగ్. ఈ2, ఈ3లో అరుగుదల పై భాగంలో ఎక్కువ. అరిగిన ముఖం మీదే ప్లేట్ పెట్టేస్తే అది పైకి వంగి కూర్చుంటుంది, షియర్ (పక్కకి జార్చే ఒత్తిడి) పెరుగుతుంది. ఎగ్జామినర్‌కి కావలసింది ఈ వాక్యమే.

చికిత్స కూడా అదే దారిలో వస్తుంది. లోపం చిన్నదైతే రీమింగ్. ఇంకాస్త పెద్దదైతే ఆగ్మెంటెడ్ (ఒక వైపు మందంగా చేసిన) బేస్‌ప్లేట్, లేదా పేషెంట్ సొంత హ్యూమరల్ హెడ్ నుంచి గ్రాఫ్ట్. గ్రాఫ్ట్ ఎంత మందంగా ఉన్నా పెగ్ దాన్ని దాటి సొంత ఎముకలోకి దిగాలి. దీని కింద అండర్‌లైన్ చేయండి. సెంటర్‌లో ఎముకే లేకపోతే స్కాపులర్ స్పైన్ దిశలో పెగ్ వేయడం, కస్టమ్ ఇంప్లాంట్, రెండు దశల సర్జరీ అని ఒక్కో లైన్ చాలు. త్రీడీ సీటీ ప్లానింగ్‌ని మాత్రం పైనే రాయండి.

పేపర్‌కి 10 ప్రశ్నలు, 3 గంటలు. ఒక్కోదానికి 18 నిమిషాలు. నేను అందులో మొదటి మూడు నాలుగు నిమిషాలు బొమ్మకే ఇచ్చేవాణ్ని: పక్క నుంచి చూసిన స్కాపులా, మూడు స్క్రూలు, వాటి దిశలు. రాత దాన్ని బట్టి దానంతటదే నడుస్తుంది.

హ్యూమరస్ (పై చేతి ఎముక) వైపు ఎముక పోయినా స్టెబిలిటీ పోతుందని చాలామంది రాయరు. పై భాగం లేకపోతే స్టెమ్ (హ్యూమరస్‌లోకి దిగే ఇంప్లాంట్ కాడ) తిరిగిపోతుంది, డెల్టాయిడ్ టెన్షన్ తగ్గి జాయింట్ డిస్‌లొకేట్ అవుతుంది. పొడవైన స్టెమ్, అల్లోగ్రాఫ్ట్ కాంపోజిట్ (దాత ఎముకతో కలిపిన ఇంప్లాంట్) అని రెండు లైన్లు చేర్చండి. వైవాలో తర్వాతి ప్రశ్న తరచుగా అక్కడి నుంచే వస్తుంది.