గులాబీ అట్ట, నీలం అట్ట

మా మేనల్లుడు బి.టెక్ రెండో ఏడాది. పోయిన వేసవిలో ఓ ఆదివారం వచ్చి, "అత్తా, మీ షాపులో ఏదైనా ప్రాబ్లం ఉంటే చెప్పు, సాల్వ్ చేస్తాను" అన్నాడు. ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో పదహారేళ్ల నుంచి మందుల షాపు నడుపుతున్నాను. నన్నిలా అడిగిన మొదటి మనిషి వీడే. అరువు ఖాతా పుస్తకం తీసి ముందు పెట్టాను. "అది కాదత్తా, డిజైన్ థింకింగ్‌కి పనికొచ్చేది" అన్నాడు.

వాళ్లకి ఆ పేరుతో ఒక సబ్జెక్టు ఉందట. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ డి.స్కూల్ వాళ్లు చెప్పే ఐదు మెట్లూ ఎక్కంలా అప్పజెప్పాడు: ఎంపతైజ్, డిఫైన్, ఐడియేట్, ప్రోటోటైప్, టెస్ట్. నాకర్థమైనంతలో చెప్తాను. మనిషి పక్కన కూర్చోవాలి. అసలు ఇబ్బంది ఎక్కడుందో తేల్చుకోవాలి. తోచిన ఉపాయాలన్నీ బయట పెట్టాలి, పిచ్చివైనా సరే. వాటిలో ఒకదాన్ని చవగ్గా చేసి, ఆ మనిషి చేతిలో పెట్టి మనం నోరు మూసుకోవాలి. నోరు మూసుకోవడం పరీక్షలో రాయనక్కర్లేదు గానీ, అన్నిటికన్నా కష్టం అదే.

నా మనసులో ఓ సంగతి అప్పటికే ముల్లులా ఉంది. ఇక్కడికి ఆరేడు కిలోమీటర్ల దూరం ఊరి నుంచి ఒక మామ్మ వస్తుంది. ఆవిడకి బీపీ, తాతకి షుగరు. ఏళ్ల తరబడి ఆవిడ షీటు గులాబీ రంగు, ఆయనది నీలం. ఆ ఏప్రిల్‌లో రెండు కంపెనీల స్టాకూ ఒకేసారి అయిపోయింది. డాక్టరు గారు చీటీలో రాసింది మందు పేరే, కంపెనీ పేరు కాదు. నేను వేరే కంపెనీవి ఇచ్చాను. మందులు అవే, డోసూ అదే. కౌంటరు దగ్గర పదిమంది ఉన్నారు. "ఒకటే మందు మామ్మా, ఏం పర్లేదు" అనేసి పక్క మనిషి చీటీ అందుకున్నాను. కొత్త స్టాకులో తాత షీటు గులాబీ రంగులో వచ్చింది. మామ్మది వెండి రంగు.

మర్నాడు పొద్దున్న మామ్మ గులాబీ అట్టలోంచి ఒకటి వేసుకుని, సరిగ్గా తినకుండానే ఉపాధి పనికి వెళ్లింది. షుగరు లేని మనిషి, అదీ ఖాళీ కడుపుతో, ఆ మాత్ర వేసుకుంటే ఏమవుతుందో మందుల షాపువాళ్లకి చెప్పనక్కర్లేదు. ఒంట్లో షుగరు మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు చీకట్లు. పనిలో ఉన్నవాళ్లు పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లబట్టి గండం గడిచింది. తర్వాత షాపుకొచ్చి నన్ను తిట్టలేదు. "నా మాత్రే ఏసుకున్నాను పాపా. గులాబీ అట్టది. నేనేటి తప్పు సేసినాను?" అని అడిగింది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మేనల్లుడికి ఇదంతా చెప్పి, వారం రోజులు నా వెనకాల స్టూలు మీద కూర్చోమన్నాను. మాట్లాడకుండా, జనం ఏమంటున్నారో రాసుకోమన్నాను. రాశాడు. వారం చివర "సమస్య" అని పెద్దక్షరాలతో రాసి, కింద "పేషెంట్లకు అవగాహన లేకపోవడం" అని పెట్టాడు. ఆ పక్కనే "పరిష్కారం: యాప్". నేను పెన్ను తీసుకుని రెండూ కొట్టేశాను. మామ్మకి అవగాహన లేకపోవడమేమిటి? చదువు రాకపోయినా రంగుతో గుర్తు పెట్టుకుని ఇన్నేళ్లూ ఒక్కరోజు తప్పకుండా వేసుకుంది. ఆ గుర్తు చెరిపింది నేను.

"అయితే సమస్యని ఎలా రాయాలి?" అన్నాడు. నాకూ తెలీదు. వాళ్లింటికి వెళ్దామన్నాను.

తెల్లవారుజామున ఐదింటికి వెళ్లాం. అంత పొద్దున్న ఎందుకని వాడు గొణిగాడు గానీ, ఆ ఇంట్లో మాత్రలు వేసుకునే వేళ అదే. పెంకుటిల్లు. గూట్లో ఒకటే స్టీలు డబ్బా, అందులోనే ఇద్దరి షీట్లూ, కత్తిరించిన ముక్కలూ, పాత జ్వరం బిళ్లలూ. తాతకి ఒక కంటికే శుక్లాల ఆపరేషన్ అయింది. ఆయన మాత్రా మామ్మే తీసిస్తుంది. లోపల చీకటి కదా, డబ్బా పట్టుకుని అరుగు మీదికొచ్చి, షీటు వెలుతురుకి పెట్టి చూసి, మళ్లీ లోపలికెళ్లింది. రోజూ ఇంతేనట. అలా అరుగు మీదికి రావడాన్ని మావాడు పుస్తకంలో రాసుకుని రెండు గీతలు గీశాడు. అక్కడ వాడు నాకు నచ్చాడు.

తిరిగొచ్చాక ఇంటర్నెట్‌లో వెతికి ఒక కథ చూపించాడు. న్యూయార్క్‌లో డెబొరా ఆడ్లర్ అని ఒక డిజైనర్. వాళ్ల బామ్మ పొరపాటున తాత మందు వేసుకుందట. అచ్చం మా మామ్మలాగే! అక్కడ మాత్రలు లెక్కపెట్టి సీసాలో పోసి, పేరు రాసి ఇస్తారు. ఆవిడ ఆ సీసానే మార్చేసింది. లేబులు చదవడానికి వీలుగా బల్లపరుపు ముఖం, మందు పేరు పెద్దక్షరాల్లో, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో రంగు రింగు. టార్గెట్ అనే స్టోర్లవాళ్లు 2005లో దాన్ని తమ మందుల షాపుల్లో పెట్టారు. పదేళ్ల తర్వాత ఆ షాపులు వేరే కంపెనీ చేతికి పోయి, ఆ సీసాలు ఆగిపోయాయి. జనం మా పాత సీసాలు మాకు కావాలని గోల చేశారట.

మనకి సీసాలు లేవు, షీట్లు. రింగు ఎక్కడ తగిలిస్తాం? అయినా ఒక ముక్క పట్టుకున్నాం. "ఎప్పుడు వేసుకోవాలి" అని కాదు, "ఎవరిది" అని చెప్పాలి. అప్పటిదాకా నేను కవర్ల మీద సూర్యుడూ చంద్రుడూ గీస్తూ గొప్పగా ఫీలవుతున్నాను.

మొదట రబ్బరు బ్యాండ్లు పెట్టాం. తాతకి ఎరుపు, మామ్మకి పచ్చ. మూడోరోజుకి పచ్చది మనవరాలి జడకి చేరింది. తర్వాత మావాడు ఇద్దరి ఫొటోలూ ప్రింటు తీసి కవర్ల మీద అంటించాడు. మామ్మ తాత ఫొటో చూసి, "బతికుండగానే ఫొటో కట్టేసినావేటి బావూ, ఇంక దండొకటే తక్కువ" అంది. తాత మాత్రం తన ఫొటో బాగా వచ్చిందన్నాడు. అక్కడితో అది ఆగిపోయింది. మావాడు నీరసపడ్డాడు.

పొందూరు మాకు దగ్గరే. అక్కడ ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు, ఆ సన్నటి పళ్లు దువ్వెనలా పనిచేస్తాయి. మొదటిసారి దవడెముకతో పత్తి దువ్వాలని తోచిన మనిషి అంతకుముందు ఎన్నెన్ని పట్టుకుని చూసి పారేసి ఉంటుందో ఆలోచించమన్నాను. "ఆవిడకి సబ్మిషన్ డేట్ లేదు కదత్తా" అన్నాడు. నిజమే.

చివరికి దారి మామ్మే చూపించింది. ఏదో మాటల్లో, "ఆయన తువ్వాలు ముక్కలో ఆయనియి కట్టీ, నా సీర ముక్కలో నాయి కట్టీ. సీకట్లో కూడా సెయ్యి ఎడితే తెలిసిపోద్ది" అంది. మావాడు నా మొహం చూశాడు. పక్క టైలరు దగ్గర పావుగంటలో రెండు సంచులు కుట్టించాం. ఒకటి గరుకు తువ్వాలు, ఒకటి మెత్తటి నేత చీర. ఇప్పుడు మామ్మ అరుగు మీదికి రావడం లేదు.

కానీ సంచి సగం పనే చేస్తుంది. రెండో సగం నా కౌంటరు దగ్గరుంది. కంపెనీ మారితే ఇప్పుడు పాత షీటు ఖాళీ ముక్కనీ కొత్త షీటునీ కవరు మీద పక్కపక్కన పిన్ను కొట్టి, మనిషి చేతిలో పెట్టి, "ఇది పోయింది, దీని బదులు ఇది వచ్చింది. ఎవరిది చెప్పండి?" అని అడుగుతాను. వాళ్లు చెప్పేదాకా తర్వాతి చీటీ ముట్టుకోను. వెనకాల ఉన్నవాళ్లు విసుక్కుంటారు. సోమవారాలైతే మరీను.

ఇప్పటికి ముప్ఫై దాకా సంచులు కుట్టించాను. అన్నీ వాడుతున్నారని అబద్ధం చెప్పను. ఒకాయన అందులో బీడీలు పెట్టుకుంటున్నాడు. మూడు పూటలా ఐదారు రకాలు మింగేవాళ్లకి ఈ సంచి చాలదు, దానికింకా ఏమీ తోచలేదు. మావాడి ప్రాజెక్టు చూసి "ఇందులో టెక్నాలజీ ఎక్కడుంది?" అని అడిగారట. సంచి తీసి చూపించాడట. మార్కులు మధ్యస్తంగా వచ్చాయి.

నిన్న మామ్మ వచ్చింది. రెండు సంచులూ కౌంటరు మీద పెట్టింది. చీర సంచిలోంచి షీటుతో పాటు రెండు చుట్టలు జారిపడ్డాయి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ మానమని డాక్టరు ఎన్నోసార్లు చెప్పారు. నేను చుట్టల వంక చూశాను. ఆవిడ చూడనట్టు అటు తిరిగి, "ఈపాలి ఏ రంగొచ్చింది పాపా?" అంటూ స్టూలు లాక్కుని కూర్చుంది.