పరీక్షకి కట్టాల్సిన డబ్బు సర్టిఫికెట్‌కి కడుతున్నారు

ఢిల్లీలో పొల్యూషన్ పరీక్షకి 2011లో రేట్లు కట్టారు: పెట్రోలు టూవీలర్‌కి 60 రూపాయలు, పెట్రోలు కారుకి 80, డీజిల్ బండికి 100. మళ్లీ ముట్టుకున్నది 2024 జూలైలో. 80, 110, 140 చేస్తామన్నారు. అది చాలదంటూ పెట్రోలు బంకుల వాళ్లు తమ పరీక్ష కేంద్రాలు మూసేశారు. విజయవాడలో పొల్యూషన్ పరీక్ష వ్యాను పెట్టుకున్న నీకు ఢిల్లీ గొడవెందుకురా అన్నాడు మా బావ. ఇక్కడా రేటు కట్టేది ప్రభుత్వమే కదా, అందుకు.

డీజిల్ బండిని సక్రమంగా పరీక్షించాలంటే ముందు ఇంజను బాగా వేడెక్కాలి. సైలెన్సర్‌లో ప్రోబ్ (పొగని మెషీనుకి పంపే గొట్టం) పెట్టి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి వదలాలి. మళ్లీ తొక్కాలి, మళ్లీ వదలాలి. రీడింగులు ఒకదానికొకటి దగ్గరగా వస్తేనే సగటు తీయాలి. రెండోసారికే ఓనరు "ఇంజను పోద్దన్నా, ఇక చాలు" అంటాడు. వెనకాల ఆటోలు హారన్ కొడుతుంటాయి. ప్రోబ్‌కి మసి పడితే తుడవాలి, ఫిల్టరు మార్చాలి, మెషీను జీరోకి వచ్చేదాకా ఆగాలి. కాలిబ్రేషన్ (మెషీను సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూడటం) ఖర్చు, కుర్రాడి జీతం, నెట్టు బిల్లు వేరే.

నంబరు ప్లేటు ఫొటో తీసి, ప్రోబ్ పైపు దగ్గర అలా చూపించి కాగితం చేతిలో పెట్టినా వచ్చే డబ్బు అంతే. నన్ను బాధపెట్టేది ఇదే. 2025లో ఢిల్లీ అసెంబ్లీ ముందు పెట్టిన కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదికలో, పరిమితి దాటిన లక్షా 8 వేల పైచిలుకు బండ్లకి సర్టిఫికెట్లు ఇచ్చారని ఉంది. పరీక్ష, సర్టిఫికెట్ కలిపి ఒక్క నిమిషంలో అయిపోయినవి 76 వేలకి పైనే. ఒక్క నిమిషంలో ప్రోబ్ లోపలికి వెళ్లి రీడింగు కుదురుకోదు. అలా ఇచ్చినవాళ్లని నేను వెనకేసుకు రాను. కానీ పదమూడేళ్లు రేటు కదలకపోతే, నిజంగా పరీక్ష చేసేవాడే ముందు మూసుకుంటాడు.

జరిమానా మాత్రం ఆగలేదు. సర్టిఫికెట్ లేకపోతే మొదటిసారి వెయ్యి రూపాయలుండేది, 2019 సవరణతో పది వేల దాకా వెళ్లింది.

2021 నుంచి ఫెయిలైన బండికి తిరస్కరణ స్లిప్పు ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. మంచి నిబంధన. కానీ ఫెయిలని చెప్పగానే డబ్బులివ్వకుండా పక్క వ్యాను దగ్గరికి వెళ్లిపోతారు, పడ్డ శ్రమంతా వృథా. కాబట్టి రుసుము ముందే తీసుకోవాలి, పాసైనా ఫెయిలైనా అదే రుసుము. విడిభాగాలు, జీతాలు, కాలిబ్రేషన్ లెక్క వేసి ఏటా సవరించాలి.

రేటు పెరిగితే పాత ఆటోవాళ్లకే ఎక్కువ భారమని నాకు తెలుసు. బీఎస్-4, బీఎస్-6 పొగ ప్రమాణాలతో తయారైన బండ్లకి పరీక్ష ఏడాదికోసారి చాలు, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలకోసారి. అందుకే ఫెయిలైన మనిషి మెకానిక్ దగ్గర ఎయిర్ ఫిల్టరో, ఇంజెక్టరో బాగు చేయించుకుని వారంలోపు వస్తే రెండో పరీక్ష ఉచితంగా చేయాలి. మా వ్యాను దగ్గర నేను అలాగే చేస్తున్నాను, స్లిప్పు తెస్తే చాలు.