చేతిలో ఒకటి: పీహెచ్‌డీ ఇంటర్వ్యూ రెండో ఏడు గట్టెక్కిన నా అనుభవం

నిన్న సాయంత్రం సెలక్షన్ లిస్టు పెట్టారు. మూడో పేరు నాది. ఈ సంతోషం చల్లారకముందే, పోయినేడు పడ్డ అవమానం మాసిపోకముందే రాసేయాలని కూర్చున్నాను. గణితంలో పీహెచ్‌డీకి పోయే పిల్లలు, ముఖ్యంగా మా చీమకుర్తి, పొదిలి, కందుకూరు, కావలి వైపు నుంచి తెలుగు మీడియంలో డిగ్రీ చేసి పోయేవాళ్ళు చదవాలని నా కోరిక.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. నెట్ (పీహెచ్‌డీకి పోయేవాళ్ళు రాసే జాతీయ అర్హత పరీక్ష) రెండోసారికి వచ్చింది. దరఖాస్తు అరగంట పని. మైగ్రేషన్ సర్టిఫికెట్ ముందే తెచ్చిపెట్టుకోండి, అడిగినరోజు చేతిలో పెట్టే ఆఫీసుని నేనింతవరకూ చూడలేదు. అంతే. మిగతాదంతా ఇంటర్వ్యూనే.

పోయినేడు నా వంతు మధ్యాహ్నం రెండున్నరకి వచ్చింది. లోపల అయిదుగురు ఉన్నారు. ఇష్టమైన సబ్జెక్టు ఏదంటే ఆల్జీబ్రా అన్నాను. ఎమ్మెస్సీలో ఆ పేపర్లో క్లాసు మొత్తంలో నాకే ఎక్కువ మార్కులు. చివర కూర్చున్న పెద్దాయన, "అయితే జోర్డాన్-హోల్డర్ సిద్ధాంతం చెప్పమ్మా" అన్నాడు.

గడగడా చెప్పేశాను. పరిమిత గ్రూపుని (ఏ రెండింటిని కలిపినా ఫలితం లోపలే ఉండే, కలిపినదాన్ని వెనక్కి తీసే వీలున్న సమూహం) తీసుకుని, దాని లోపల ఒక నార్మల్ సబ్‌గ్రూపు (పెద్ద గ్రూపుని భాగించే వీలున్న చిన్న గ్రూపు), దాని లోపల ఇంకోటి, ఇట్టా మెట్లు దిగుతూ పోవాలి. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఇంకేదీ పట్టనంత దగ్గరగా దిగితే, ప్రతి మెట్టు దగ్గరా వచ్చే కోషెంట్ గ్రూపు (పై మెట్టుని కింది మెట్టుతో భాగిస్తే వచ్చేది) సింపుల్ గ్రూపు, అంటే ఇంక చీలనిది, అవుతుంది. ఎవరు ఏ దారిన దిగినా చివరికి తేలే సింపుల్ గ్రూపులు అవే, వరస మారితే మారొచ్చు. ఆ కోషెంట్ల ఆర్డర్లు (ఒక్కోదాంట్లో ఎన్ని సభ్యులున్నాయో ఆ లెక్క) సమానమని జోర్డాన్ చూపించాడనీ, కోషెంట్లే ఒకటని 1889లో హోల్డర్ నిరూపించాడనీ కూడా చెప్పాను.

"దీని అర్థం ఏంది?"

"పూర్ణసంఖ్యని ప్రధాన సంఖ్యలుగా విడగొట్టినట్టే గ్రూపుని సింపుల్ గ్రూపులుగా విడగొట్టొచ్చు సార్." గైడులో వాక్యం అది, పొల్లు పోకుండా అప్పజెప్పాను.

"అంటే ముక్కలు చెప్తే గ్రూపేదో చెప్పేస్తావా?"

"చెప్తాను సార్."

"మూడు ముక్కలు. మూడూ జెడ్2. గ్రూపేది?" (జెడ్2 అంటే 0, 1 రెండే ఉండి, 1కి 1 కలిపితే మళ్ళీ 0 వచ్చే గ్రూపు.)

"జెడ్2 క్రాస్ జెడ్2 క్రాస్ జెడ్2 సార్." (క్రాస్ అంటే డైరెక్ట్ ప్రొడక్టు, దేని లెక్క దానికే ఉంచి పక్కపక్కన పెట్టడం.)

"అదొక్కటేనా?"

"అదొక్కటే సార్."

ఆయన ఏమీ అనకుండా మార్కర్ నా వైపు దొర్లించాడు. జెడ్8కి (0 నుంచి 7 దాకా అంకెలు, 8 అయితే మళ్ళీ 0) మెట్లు వేయమన్నాడు. వేశాను. 0 ఒక్కటే. తర్వాత 0, 4. తర్వాత 0, 2, 4, 6. తర్వాత మొత్తం ఎనిమిదీ. ప్రతి మెట్టుకీ ఆర్డర్ రెండింతలు అవుతోంది, కాబట్టి ప్రతి కోషెంటూ జెడ్2. ముక్కలు మూడు, మూడూ జెడ్2. నా చేత్తోనే నేను రాసినదాన్ని చూస్తూ నిలబడిపోయాను. ఒక పక్క అదొక్కటే అన్నాను, ఇంకో పక్క బోర్డు మీద రెండోది కనిపిస్తోంది.

"సరే, ఆర్డర్ 8 గ్రూపులు ఎన్ని?" నోరు పెగల్లేదు. "క్వాటర్నియన్ గ్రూపు తెలుసా? దాన్ని రెండు గ్రూపుల డైరెక్ట్ ప్రొడక్టుగా రాస్తావా?" రాయొచ్చేమో అన్నాను. పక్కాయన నవ్వాడు. పెద్దాయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఇంటర్ పిల్లలకి కూడా ఇట్టానే చెబుతున్నావామ్మా?" అన్నాడు.

ఆ మాట అనాల్సిన పని లేదు. తప్పు చెప్పాను, నిజమే. కానీ నేను ఒంగోల్లో పిల్లలకి ఎట్టా చెబుతానో ఆయనకేం తెలుసు? ఆరేళ్ళుగా ప్రైవేటు కాలేజీలో రోజుకి ఆరు క్లాసులు చెప్పి, రాత్రిళ్ళు చదువుకుని అక్కడిదాకా పోయాను. టీ కప్పులు తీసేదానికి వచ్చిన కుర్రాడు తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నాడు. ఆ కుర్రాడి ముఖంలో నా మీద కనబడ్డ జాలి ఇప్పటికీ కళ్ళముందుంది. పిల్లల్ని ఇంటర్వ్యూ చేసే పెద్దలకి చెబుతున్నాను, తప్పుని తప్పనండి, మనిషి బతుకుతెరువు జోలికి పోకండి.

చీమకుర్తి చేరేసరికి రాత్రి పది దాటింది. మా నాయన ముప్పై ఏళ్ళు గ్రానైట్ క్వారీలో పనిచేశాడు. ఏమైందని అడిగితే, గ్రూపు అనే వస్తువుని ముక్కలు చేయమన్నారు, నాకు చేతకాలేదు అన్నాను. నాయన కాసేపు ఆలోచించి, "రాయికి అది చీలే దారి ఒకటి ఉంటదమ్మా. ఆ దారి కనుక్కుని బెజ్జాలేసి చీలలు దిగ్గొడితే దానంతటదే వస్తది. మనకి కావాల్సినచోట కొడితే బ్లాకు పనికిరాకుండా పోద్ది" అన్నాడు. ఆ రాత్రి అది నా చెవికెక్కలేదు. తర్వాతెప్పుడో ఎస్3 (మూడు వస్తువుల వరస మార్చే ఆరు పద్ధతుల గ్రూపు) రాసుకుంటుంటే గుర్తొచ్చింది. అందులో ఆర్డర్ 2 సబ్‌గ్రూపులు మూడున్నాయి గానీ ఒక్కటీ నార్మల్ కాదు, అక్కడ కొడితే చీలదు. ఆర్డర్ 3 సబ్‌గ్రూపు ఒక్కటే నార్మల్, అది చీలే దారి. సింపుల్ గ్రూపంటే అసలు చీలే దారే లేని రాయి.

నన్ను నిజంగా గట్టెక్కించింది మాత్రం మా అక్క కొడుకు. రెండో తరగతి. దసరా సెలవులకి వచ్చి, నా పక్కన కూర్చుని కూడికలు చేస్తున్నాడు. 27కీ 15కీ కూడి 32 వేశాడు. "ఏడూ అయిదూ పన్నెండు, రెండు వేసి చేతిలో ఒకటి ఉంచుకోవాలి గదరా, ఆ ఒకటేదీ?" అని కసిరాను. వాడు అరచెయ్యి తెరిచి చూపించి, "చేతిలో ఏం లేదు పిన్నీ" అన్నాడు.

ఆ చెయ్యి చూస్తూ అట్టానే ఉండిపోయాను. వీడు చేసింది తప్పు కూడిక కాదు, వేరే గ్రూపులో కూడిక. ఒకట్ల స్థానంలో జెడ్10, పదుల స్థానంలో ఇంకో జెడ్10, దేని దారి దానిది. అది జెడ్10 క్రాస్ జెడ్10. చేతిలో ఒకటి ఉంచుకుని పక్క స్థానానికి మోస్తే (వందలు వదిలేసి) అది జెడ్100. రెండింట్లోనూ ఉన్నవి అవే వంద సంఖ్యలు, అవే రెండు జెడ్10లు. మొదటిదాంట్లో ఒకటిని పదిసార్లు కూడితే మళ్ళీ సున్నా. రెండోదాంట్లో వందసార్లు కూడాలి. తేడా అంతా చేతిలో ఉన్న ఆ ఒకటే.

ఇంకాస్త లోపలికి చూశాను. జెడ్100లో 00, 10, 20 నుంచి 90 దాకా తీసుకుంటే సబ్‌గ్రూపు. మరి 00 నుంచి 09 దాకా? ఏడూ అయిదూ కలిపితే పన్నెండు, గట్టు దాటిపోతుంది. కాబట్టి అది సబ్‌గ్రూపు కాదు. పదుల ముక్క గ్రూపు లోపల నిజంగా ఉంది, ఒకట్ల ముక్క మాత్రం కోషెంటుగానే కనబడుతుంది, లోపల దానికి చోటు లేదు. నేను ఇన్నేళ్ళూ ముక్క అనగానే లోపల కూర్చున్న వస్తువనే అనుకున్నాను. ఎమ్మెస్సీలో ఈ మాట ఒక్కరూ చెప్పలేదు. చెప్పి ఉంటే పోయినేడు ఆ గదిలో తల వంచుకోవాల్సి వచ్చేది కాదు.

పదికి బదులు రెండు పెట్టి చూడండి. అంకెలు 0, 1 మాత్రమే. మూడు స్థానాలు. ఎక్కడా మోయకపోతే జెడ్2 క్రాస్ జెడ్2 క్రాస్ జెడ్2. అన్నిచోట్లా మోస్తే జెడ్8. ఒక్కచోట మోసి రెండోచోట మోయకపోతే జెడ్4 క్రాస్ జెడ్2. ఆర్డర్ 8లో వినిమయ గ్రూపులు (ఏ వరసలో కలిపినా ఫలితం మారనివి) ఈ మూడే. వీటి లెక్క హాయి. ఆర్డర్ 360 అనుకోండి, 8, 9, 5గా విడదీసి, 8కి మూడు రకాలు, 9కి రెండు, 5కి ఒకటి, మొత్తం ఆరు. కోచింగుల్లో ఇది మాత్రం బ్రహ్మాండంగా నేర్పిస్తారు, ఎందుకంటే నెట్‌లో ఇది వస్తుంది. నేర్పించి అక్కడ ఆపేస్తారు.

ఆర్డర్ 8కి మొత్తం అయిదు గ్రూపులు, వాటిలో మిగతా రెండూ వినిమయం కావు. మొదటిదాని కోసం పాత శుభలేఖ ఒకటి తీసి చదరంగా కత్తిరించాను. నాలుగు మూలలకీ 1, 2, 3, 4 అని ముందూ వెనకా రాశాను. పావు చుట్టు తిప్పి బోర్లించాను, అంకెలు రాసుకున్నాను. మళ్ళీ మొదట్నుంచి ముందు బోర్లించి తర్వాత పావు చుట్టు తిప్పాను. అంకెలు వేరే వచ్చాయి. ఎనిమిది స్థితులు, అది డీ4. పుస్తకంలో పదేళ్ళుగా చూస్తున్న పట్టికని చేత్తో తిప్పి చూసింది ఆ రోజే. అరచేతిలో పట్టే అట్టముక్క అది, ఇప్పటికీ నా పర్సులో ఉంది.

రెండోది క్వాటర్నియన్ గ్రూపు, క్యూ8. 1843 అక్టోబర్ 16న డబ్లిన్‌లో ఒక వంతెన దగ్గర నడుస్తుండగా హామిల్టన్‌కి తట్టిన ఐ, జే, కేల నుంచి వచ్చింది. 1, −1, ఐ, జే, కే, వాటి రుణాలు. ఐ, జే, కేల్లో దేన్ని వర్గం చేసినా −1. అందుకే ఒక్క 1 తప్ప మరేదైనా ఉన్న ఏ సబ్‌గ్రూపు తీసుకున్నా అందులో −1 ఉండి తీరుతుంది. డైరెక్ట్ ప్రొడక్టుగా విడదీయాలంటే 1 తప్ప ఉమ్మడిది లేని రెండు సబ్‌గ్రూపులు కావాలి. ఇక్కడ ఏ రెండు పట్టుకున్నా −1 ఉమ్మడిగా ఉంటుంది. కాబట్టి విడదీయలేం. అయినా ఇందులో సబ్‌గ్రూపులన్నీ నార్మలే, కాబట్టి మెట్లు దిగొచ్చు. చీల్చొచ్చు, విడదీయలేం. ఈ రెండు మాటలకీ తేడా తెలియకే నేను దెబ్బతిన్నాను. సింపుల్ వేరు, విడదీయరానిది వేరు. డైరెక్ట్ ప్రొడక్టు ముక్కల ఏకైకతకి క్రుల్-ష్మిట్ సిద్ధాంతం అని వేరే ఉంది. మా గైడులో రెండింటినీ ఒకే పేరాలో కలిపేశారు.

గైడులు రాసేవాళ్ళ మీద నాకు కోపం ఉంది, దాచుకోను. "ప్రధాన సంఖ్యల లాంటివి" అని రాస్తే సరిపోదు. 2, 2, 2 గుణిస్తే 8 ఒక్కటే వస్తుంది. మూడు జెడ్2లు కలిపితే అయిదు గ్రూపులు వస్తాయి. నాలుగు కలిపితే 14, అయిదు కలిపితే 51, ఆరు కలిపితే 267. పది కలిపితే, అంటే ఆర్డర్ 1024కి, 4,900 కోట్లకు పైగా ఉన్నాయి. ముక్కల జాబితా మాత్రం పూర్తయింది. పరిమిత సింపుల్ గ్రూపులన్నీ ఏవేవో తేల్చేదానికి ఎందరో కలిసి వేల పేజీలు రాశారు, చివరి పెద్ద ఖాళీ 2004లో పూడింది. ఏ కుటుంబంలోనూ ఇమడని 26 గ్రూపులు మిగిలాయి, వాటిలో పెద్దది మాన్‌స్టర్, దాని ఆర్డర్‌కి 54 అంకెలు. ముక్కలన్నీ చేతిలో ఉన్నా వాటిని ఎన్నిరకాలుగా అతకొచ్చో లెక్క తేలలేదు. ఇంత పెద్ద సంగతిని ఒక ఉపమానంతో తేల్చేసి పిల్లల్ని ఇంటర్వ్యూకి పంపిస్తే ఎట్టా?

ఈ ఏడు ఇంటర్వ్యూ గురించి చెప్పాల్సింది తక్కువే. అదే పెద్దాయన ఉన్నాడు, నన్ను గుర్తుపట్టలేదు. ఆల్జీబ్రా అనే చెప్పాను. వేరే మేడమ్ అడిగారు, "ఏ5 సింపుల్ అని ఎట్టా చూపిస్తావు?" ఏ5 అంటే అయిదు వస్తువుల సరి ప్రస్తారాల గ్రూపు, ఆర్డర్ 60. దాని కాంజుగసీ క్లాసుల (గ్రూపులో ఒకదానికొకటి మారగల సభ్యుల గుంపుల) సైజులు రాశాను: 1, 12, 12, 15, 20. నార్మల్ సబ్‌గ్రూపంటే కొన్ని క్లాసులు పూర్తిగా కలవాలి, అందులో 1 ఉండాలి, ఆ మొత్తం 60ని భాగించాలి. 1కి మిగతావి ఎట్టా కలిపినా 13, 16, 21, 25 ఇట్టా వస్తాయే గానీ 60 దాకా ఒక్కటీ భాగించదు. అన్నీ కూడి చూపించాను.

అప్పుడు పెద్దాయన, "ముక్కలు తెలిస్తే గ్రూపు తెలుస్తుందా?" అన్నాడు. తెలియదు సార్ అని, అడక్కుండానే ఆర్డర్ 8 గ్రూపులు అయిదూ రాసి, ఎందుకు అయిదేనో నిరూపించి, 27 ప్లస్ 15 బోర్డు మీద వేశాను. ఒకసారి 42, ఒకసారి 32. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "ఇది ఎక్కడ చదివావమ్మా?" అన్నాడు. మా అక్క కొడుకు చెయ్యి చూసి నేర్చుకున్నానన్నాను. ఇంకేమీ అడగలేదు.

వచ్చే ఏడు పోయేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. సిద్ధాంతం ఏదైనా దాని కింద మీ చేత్తో చేసిన చిన్న గ్రూపు ఒకటి ఉండాలి. ఆర్డర్ 12లో అయిదున్నాయి, అన్నింటి ముక్కలూ జెడ్2, జెడ్2, జెడ్3లే, వాటిని వేరు చేసి చూడండి. నేను వాటిని ఎవరి సాయమూ లేకుండా తేల్చాను. ఆర్డర్ 16లో పద్నాలుగింటికి పదకొండు తేలాయి. మిగతా మూడూ ఈ ఆదివారం పెట్టుకున్నాను, సోమవారం పొద్దున్నే ఫీజు కట్టేదానికి పోవాలి.