ద్రవ స్ఫటికంలో ఒక్క గోళం: లెక్క కట్టిన నా అనుభవం

ఎమ్మెస్సీ మ్యాథ్స్ తర్వాత తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో పరిశోధనకు చేరాను. నాకిచ్చిన సమస్య చెప్పడానికి చిన్నదే: నెమాటిక్ ద్రవ స్ఫటికంలో మైక్రాన్ సైజు గోళాన్ని వేస్తే చుట్టూ ఉన్న అణువులు ఎటు తిరుగుతాయి? మ్యాథ్స్ నుంచి వచ్చి ఫిజిక్స్ పుస్తకం తెరవడానికి జంకేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నెమాటిక్‌లో అణువులు ద్రవంలా కదులుతూనే సగటున ఒకే దిక్కుకు వరుసతీరి ఉంటాయి. ఆ దిక్కును డైరెక్టర్ అంటారు. గోళం ఉపరితలం అణువులను తనకు లంబంగా నిలబెట్టే రకమైతే చిక్కు మొదలవుతుంది. దూరంగా అంతా ఒకే దిక్కు. గోళం మీద అన్ని దిక్కులూ. ఈ రెండూ అతకాలంటే మధ్యలో ఎక్కడో వరుస తెగాల్సిందే. అలా తెగిన చోటునే లోపం అంటారు. అది గోళానికి ఒక పక్కన బిందువుగా తెగవచ్చు, లేదా నడుము చుట్టూ శని వలయంలా తెగవచ్చు. 1997లో పూలాన్, స్టార్క్, లుబెన్‌స్కీ, వైట్జ్ అనే పరిశోధకులు నెమాటిక్‌లో నీటి బొట్లు వేసి చూసినప్పుడు ప్రతి బొట్టు పక్కనా ఒక బిందు లోపం కనిపించింది.

మొదట, డైరెక్టర్ దిక్కు మారితే ఎంత శక్తి పడుతుందో చెప్పే 1958 నాటి ఫ్రాంక్ సూత్రం పట్టుకున్నాను. విప్పారడం, మెలిపడటం, వంగడం, ఈ మూడింటి స్థిరాంకాలూ సమానమనుకుంటే, గోళానికి దూరంగా మిగిలేది లాప్లాస్ సమీకరణమే. చేత్తోనే తేలిపోతుంది. దగ్గరికి వస్తేనే కష్టం. శని వలయం చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చేసరికి డైరెక్టర్ సగం చుట్టే తిరుగుతుంది. బాణంగా రాస్తే తల తోక అయిపోతుంది. అణువులకేమో తలా తోకా ఒకటే. అందుకే భౌతిక శాస్త్రవేత్త ద జెన్ చూపిన దారిలో, తలా తోకా తేడా లేకుండా వరుసను రాసే క్యూ టెన్సర్‌కు మారాలి: ప్రతి బిందువు దగ్గరా ఐదు తెలియని రాశులు.

నేను వెంటనే మెష్, అంటే లెక్క కోసం స్థలాన్ని చిన్న ముక్కలుగా కోసే వల, గీయడానికి కూర్చుంటే మా సార్ ఆపారు. "మెష్ తర్వాతమ్మా, ముందు పొడవులు రాసుకో." ఈ పనిలో నేను విన్న మాటల్లో ఇంతకన్నా విలువైనది లేదు. గోళం వ్యాసార్థం ఒక మైక్రాన్. లోపం నడిబొడ్డు కొన్ని నానోమీటర్లు. మూడో పొడవు, సాగుడు స్థిరాంకాన్ని (పైన మూడూ సమానమనుకున్నది) ఉపరితలం పట్టు బలంతో, అంటే అది అణువులను తన దిక్కున ఎంత గట్టిగా నిలబెడుతుందో దానితో, భాగిస్తే వచ్చేది. సాగుడు స్థిరాంకం సుమారు 10 పీకోన్యూటన్లు. పట్టు చదరపు మీటరుకు 0.0001 జౌల్ అయితే ఆ పొడవు 0.1 మైక్రాన్. గోళం దానికన్నా చాలా పెద్దదైతే ఉపరితలం మాటే చెల్లుతుంది. చాలా చిన్నదైతే లోపమే పుట్టదు, వరుస కొద్దిగా వంగి ఊరుకుంటుంది.

పొడవులు రాసుకున్నాకే మెష్ ఎక్కడ దట్టంగా ఉండాలో తెలిసింది. సమస్యకు అక్షం చుట్టూ సౌష్ఠవం ఉంది, మెలి లేదు. అందుకని సగం తలం మీద లెక్క వేస్తే ఐదు రాశులు మూడయ్యాయి. హాస్టల్ గదిలోని మామూలు కంప్యూటర్ మీద రాత్రంతా నడిపేదాన్ని.

శక్తి తగ్గే దిశగా అడుగులు వేసే పద్ధతిలో, ఎక్కడ మొదలుపెడితే దానికి దగ్గరి లోయలో ఆగుతాం. కాబట్టి ఒకసారి బిందువుతో, ఒకసారి వలయంతో మొదలుపెట్టి శక్తులు పోల్చాలి. గట్టి పట్టున్న పెద్ద గోళానికి బిందువు గెలిచింది, చిన్నదానికి వలయం. బిందువు గోళం కేంద్రం నుంచి వ్యాసార్థానికి సుమారు 1.2 రెట్ల దూరంలో నిలిచింది. ప్రచురిత విలువలూ అక్కడే ఉన్నాయి. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో!

ఉష్ణోగ్రతను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ప్రయోగాల్లో ఎక్కువగా వాడే 5సీబీ అనే ద్రవ స్ఫటికం దాదాపు 35 డిగ్రీల దాకానే నెమాటిక్. మే నెల తిరుపతిలో ఏసీ లేని గదిలో పెడితే మధ్యాహ్నానికి మామూలు ద్రవమే. మోడల్‌లో ఆ సంగతంతా ఒక్క గుణకంలో ఉంటుంది. దాని గుర్తు, విలువ సరిచూసుకోకుండా ఏ బొమ్మనూ నమ్మవద్దు.

ఇప్పుడు రెండు గోళాలు పెడుతున్నాను. పక్కన బిందు లోపాలున్న గోళాల మధ్య బలం, దూరం నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గాలి. రెండూ ఒకే అక్షం మీద ఉన్నంతవరకు పాత కోడ్‌తోనే అది చూడవచ్చు. పక్కకు జరిపితే మాత్రం పూర్తి మూడు కొలతల్లో లెక్క వేయాల్సిందే, దానికి ఇంకా పెద్ద మెషీన్ కావాలి.