జైలిటాల్ గడ్డకట్టాలంటే: నా అనుభవం

జైలిటాల్ చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం. దాన్ని తీయడానికి అనంతపురంలో బుడ్డల (వేరుశనగ) పొట్టుకు కొదవ లేదు. పొట్టును పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఉడికించి, సున్నంతో ఆమ్లం విరిచి, వచ్చిన జైలోజ్ అనే చక్కెరను క్యాండిడా ట్రాపికాలిస్ ఈస్ట్‌కు వేస్తాం. ఈస్ట్ దాన్ని జైలిటాల్‌గా మారుస్తుంది. జైలోజ్ దాదాపు అయిపోగానే ట్యాంకు ఆపేయాలి. ఆలస్యమైతే ఈస్ట్ జైలిటాల్‌నే తినడం మొదలుపెడుతుంది.

సెంట్రిఫ్యూజ్‌లో ఈస్ట్ తీసేశాక, రంగు పోవడానికి లీటరుకు 10 నుంచి 20 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ వేసి, 60 డిగ్రీల దగ్గర గంటసేపు కలుపుతాం. రంగు ఇంకా ఉందని కార్బన్ గుమ్మరిస్తే జైలిటాల్ కూడా దానికే అంటుకుని పోతుంది. తర్వాత 0.45 మైక్రాన్ వడపోత తప్పనిసరి. నల్లటి నుసి తర్వాతి దశలోని రెజిన్‌లోకి (లవణాలను పట్టుకునే సన్నటి పూసలు) చేరితే, వాటిని నింపిన కాలమ్ మూసుకుపోతుంది.

అసలు పని అయాన్ ఎక్స్‌ఛేంజ్‌లో, అంటే రెజిన్‌తో లవణాలు తీసేయడంలో ఉంది. ముందు కేటయాన్ (ధనావేశ అయాన్లను పట్టే) రెజిన్, తర్వాతే యానయాన్ (రుణావేశ అయాన్లను పట్టే) రెజిన్. వరస తిరగేస్తే, సున్నం నుంచి మిగిలిన కాల్షియం యానయాన్ రెజిన్‌లో హైడ్రాక్సైడ్‌గా పేరుకుంటుంది. యానయాన్‌కు బలహీన క్షార రెజిన్ నయం. బలమైన క్షారం తగిలితే మిగిలిన జైలోజ్ విరిగి మళ్లీ రంగు తేలుతుంది. జైలిటాల్‌కు మాత్రం ఏమీ కాదు. రెజిన్ కడగడానికి డీఎం (లవణాలు తీసేసిన) నీళ్లే వాడాలి. ఇక్కడి బోరు నీళ్ల కాఠిన్యానికి కేటయాన్ రెజిన్ సగం అక్కడే ఖర్చయిపోతుంది. గంటకు రెజిన్ ఘనపరిమాణానికి రెండింతలు మించి పారించం. బయటికొచ్చే ద్రావణం కండక్టివిటీ (విద్యుత్ వాహకత) పెరగడం మొదలైతే రీజనరేషన్‌కు, అంటే రెజిన్‌ను మళ్లీ పనికొచ్చేలా చేయడానికి వేళైనట్టే.

తర్వాత వాక్యూమ్‌లో, 60 డిగ్రీల బాత్ మీద, బరువులో 80 శాతం జైలిటాల్ వచ్చేదాకా ఇంకిస్తాం. చిక్కటి పాకంలా ఉంటుంది గానీ దానంతట అది గడ్డకట్టదు. 45 డిగ్రీల దగ్గర చిటికెడు సన్నటి జైలిటాల్ పొడి విత్తనంగా వేసి, గంటకు 2, 3 డిగ్రీల చొప్పున 20 దాకా దించుతాం. మే నెలలో బల్ల మీద వదిలేస్తే గది వేడికి సగం కూడా దిగదు, చిల్లర్ ఉండాల్సిందే. తొందరపడి చల్లారిస్తే సన్నటి నుసి వచ్చి, మురికి ద్రావణాన్ని తనలో బంధించుకుంటుంది.

స్ఫటికాలను చల్లటి ఇథనాల్‌తో కడగాలి. నీళ్లు పోస్తే కరిగిపోతాయి. ఆరాక 92 నుంచి 96 డిగ్రీల మధ్య కరగాలి. అంతకన్నా కిందే మెత్తబడితే అరబిటాల్ (జైలిటాల్ లాంటిదే మరో పదార్థం) కలిసి ఉందని అనుమానించాలి. మిగిలిన ద్రావణాన్ని తర్వాతి బ్యాచ్‌లో కలపవచ్చు, కానీ ఎన్నాళ్లో కాదు. ప్రతి తిప్పుకూ అరబిటాల్ పేరుకుని, చివరికి విత్తనం వేసినా గడ్డకట్టడం మానేస్తుంది. అప్పుడు పారబోయడమే.